సంజీవరావు మాస్టారి సొరంగం

ఆ శనివారం పొద్దున రెబ్కా వేసుకున్న పథకం చాలా చిన్నది. మేజర్‌ని కుక్కల క్లబ్బుకి తీసుకెళ్లాలి, ఇంటి ఓనరు బసవమ్మ కళ్లెదుట పరీక్ష నెగ్గించాలి, వచ్చేటప్పుడు ఇడ్లీ కట్టించుకోవాలి. డాబా మీద ఆరబెట్టిన వడియాలు తిన్న నేరానికి, నెగ్గకపోతే కుక్కని వేటపాలెంలో రెబ్కా తమ్ముడింటికి పంపెయ్యాలని బసవమ్మ తీర్పు. పిల్లప్పటి నుంచి చేతుల మీద పెంచిన కుక్క. తలుచుకుంటేనే రెబ్కాకు ఏడుపు ముంచుకొస్తోంది.

క్లబ్బు నడిచేది సత్తెనపల్లి శివార్లో, ఒక కోల్డ్ స్టోరేజీ వెనక ఖాళీ స్థలంలో. నడిపేది డ్రిల్లు మాస్టారుగా రిటైరైన సంజీవరావు. కుక్కలతో ఇంగ్లీషే మాట్లాడాలని ఆయన నియమం. పెళ్లాంపిల్లలతో తెలుగు మాట్లాడే ఊరంతా కుక్క కనబడగానే ఇంగ్లీషులోకి దిగుతుంది కనుక, ఆ నియమం ఎవరికీ వింతగా తోచలేదు.

"మేజర్, సిట్!" అన్నారు మాస్టారు. కూర్చుంది. "స్టే!" అన్నారు. కదల్లేదు.

"చూశారా పిన్నిగారూ!" అంది రెబ్కా.

"వడియాలప్పుడూ ఇట్టాగే బుద్ధిగా కూచుంది," అంది కుర్చీలోంచి బసవమ్మ.

ఆఖరి అంశం సొరంగంలోంచి దూరి రావడం. ఖాళీ మిర్చి గోతాలు కలిపి కుట్టించి, మేకులు దిగ్గొట్టి మాస్టారే దాన్ని తయారుచేశారు. దులిపారా అని అడగాలని ఒక్కరికీ తట్టలేదు. పుట్టిన దగ్గర్నుంచీ మిరప ఘాటు పీలుస్తున్న ముక్కులకు అది ఘాటని గుర్తుండదు.

మేజర్ హుషారుగా లోపలికి దూరింది. ఒక తుమ్ము వినపడింది. ఇంకోటి వినపడింది. ఆ తర్వాత సొరంగమే మేకులు పెరుక్కుని లేచి పరుగందుకుంది.

ఆ ఎర్రటి దుమ్ము రేపుతున్న ఆకారాన్ని చూసి క్లబ్బు సభ్యుడు పేరయ్య తెచ్చిన లాబ్రడార్, గొలుసు పట్టుకున్న పేరయ్యతో సహా పారిపోయింది. ఇంకో సభ్యుడు ముదస్సిర్ తెచ్చిన పామరేనియన్ బసవమ్మ కుర్చీ కింద దూరింది. మాస్టారు కంగారుపడి విజిల్ ఊదారు. విజిల్ వినగానే ఎక్కడున్నా తన దగ్గరికి ఉరికి రావాలని ఆయనే మొదటి పాఠంగా నేర్పారు. కుక్కలన్నీ ఒక్కసారిగా ఆ పాఠం అప్పజెప్పాయి, సొరంగంతో సహా. మాస్టారు వెల్లకిలా పడి, వాటిని ఆపడానికి మళ్లీ ఊదారు.

"మాస్టారూ, మీకు దణ్ణం పెడతా, ముందా విజిల్ ఉమ్మెయ్యండి!" అని అరిచాడు పేరయ్య.

రెబ్కా పరిగెత్తి సొరంగం తోక పట్టుకుంది. అది గిర్రున తిరిగి బసవమ్మ కుర్చీని తన్నింది. బసవమ్మ కింద పడింది. ఇక అయిపోయిందనుకుంది రెబ్కా. వేటపాలెం బస్సు కళ్ల ముందు ఆగినట్టే అనిపించింది.

బసవమ్మ లేచి కొంగు బిగించింది. మిరపకోతల్లో చేలో ఈ చివర నిలబడి ఆ చివర కూలీలను అదిలించిన గొంతు అది.

"ఒరేయ్! ఎక్కడోళ్లక్కడ కూచోండి!"

కుక్కలన్నీ కూర్చున్నాయి. పేరయ్య కూర్చున్నాడు. మాస్టారు లేచి బాసింపట్టు వేసుకున్నారు. సొరంగం చివరిసారి తుమ్మి కూలబడింది.

బసవమ్మ చుట్టూ చూసి నమ్మలేకపోయింది. కొడుకూ కోడలూ ఆమె మాట విని ఎన్నేళ్లయిందో! "ఓసి వీటి దుంపతెగ, నా మాట ఇంటన్నాయే!" అంది. మొహం వెలిగిపోయింది.

"అమ్మా, వచ్చే శనివారం కూడా మీరు..." అని నసిగారు మాస్టారు.

"రాకపోతే ఎట్టా? మీ ఇంగ్లీషుకి పాపం నోరులేని జీవాలు పాడైపోవూ!"

రెబ్కా గోతాల్లోంచి మేజర్‌ని లాగి గుండెలకు హత్తుకుంది. "మరి మావాడి సంగతి, పిన్నిగారూ?"

"వాడికేం, బంగారం. చెప్పంగానే కూచున్నాడు." బసవమ్మ ఆమెను కిందికీ పైకీ చూసింది. "కూచోమన్నా నిలబడే ఉన్నది నువ్వొక్కదానివే."

మేజర్ ఆ ఇంట్లో ఉండడం ఆ రోజే ఖాయమైంది. రెబ్కా సంగతి బసవమ్మ ఇంకా తేల్చలేదు.