మంత్రిగారు వెచ్చబరిచిన అటక

“ఈ చలికాలం నుంచి రాష్ట్రంలో ఏ ముసలిప్రాణమూ వణకదు” అని గృహసౌఖ్య శాఖ మంత్రిగారు ప్రకటించారు. ఆయన మాటంటే మాటే. ఏటవాలు కప్పున్న ప్రతి ఇంటికీ చలి దూరకుండా కప్పు కింద ఉచితంగా ఇన్సులేషన్ పరుపు వేస్తారట. తొలి ఇల్లుగా మన దర్జీ ఇల్లు ఎంపికైంది.

దర్జీ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఉబ్బసం మనిషైన వాళ్లమ్మ పడుకునేది ఆ కప్పు కింద, అటకగదిలోనే. పెంకుల సందుల్లోంచి చలిగాలి దూరితే చాలు, దగ్గి దగ్గి సొమ్మసిల్లిపోతుంది. ఈ చలికాలం గట్టెక్కుతుందో లేదోనని అతని బెంగ.

చెప్పిన రోజుకే ఇన్సులేషన్ చుట్ట వచ్చింది. దాని వెనక మంత్రిగారు, ఆయన వెనక అధికారులు, వాళ్ల వెనక కెమెరాలు. దర్జీ కత్తెర పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

“వాసాల మధ్య ఇరికించి, కింద చెక్క కొట్టేద్దామండి.”

“చెక్క కొడితే ఇన్సులేషన్ కనిపిస్తుందా?” అన్నాడు ఇంజనీరు.

“కనిపించదండి. లోపలే ఉండాలి గదా.”

“కనిపించని పనికి ప్రారంభోత్సవం ఎలా చేస్తారయ్యా? చుట్టని ఇలా నిలబెట్టి రిబ్బన్ కట్టండి.”

నలుగురు పట్టే అటకలోకి ఊరంతా ఎక్కింది. పెద్ద లైట్లు వెలిగాయి. ఫొటోలో మెట్లు బాగాలేవని తలుపు మూసేశారు. కాసేపటికే మంత్రిగారికి చెమటలు పట్టాయి. ఆహా, చుట్ట విప్పకముందే ఫలితం! కార్యదర్శి థర్మామీటరు చూసి మురిసిపోయాడు.

మంత్రిగారు ముసలమ్మ మంచం అంచున కూర్చున్నారు. “ఎలా ఉందమ్మా?”

“ఉక్కపోస్తోంది నాయనా.”

చప్పట్లతో కప్పు ఎగిరిపోయినంత పనయింది. రిబ్బన్ తెగింది. జనం దిగారు. ఇద్దరు మనుషులు చుట్టను కూడా దింపేశారు.

“అదెక్కడికండీ?” దర్జీ అడ్డంపడ్డాడు.

“పక్క వీధిలో ప్రారంభోత్సవం ఉంది. మీది అయిపోయింది కదా” అన్నాడు ఇంజనీరు.

“అయిపోవడమేంటండీ? కప్పుకి పోగైనా అంటలేదు.”

“మీ అమ్మగారే ఉక్కపోస్తోందన్నారు. రాష్ట్రమంతా విన్నది. మీరు కాదంటే ఎలా?”

ఇంతలో సంక్షేమ శాఖ ఆయన మెట్లు దిగాడు. ఆయన చంకలో, నిరుడు వాళ్ల శాఖే ముసలమ్మకిచ్చిన హీటరుంది.

“ఇది చలికి వణికేవాళ్లకిచ్చేదండి. మీకింక దీంతో పనేముంది?”

దర్జీ నోరు తెరిచేలోగా పైనుంచి దగ్గు మొదలైంది. ఆగకుండా వస్తూనే ఉంది. సంక్షేమ శాఖ ఆయన గుమ్మంలో ఆగి, జాలిగా పైకి చూశాడు.

“పాపం, ఆ వేడి ఆవిడకి పడట్లేదండి. కాస్త కిటికీ తెరిచి ఉంచండి.”