వేపుడు నూనె నిర్ణయ సంఘం

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, చెవులు ఇటు పారేయండి. రాజ్యాలు కూలడానికి కారణాలు సవాలక్ష ఉంటాయి గానీ, ఒక ఇంట్లో పొయ్యి మీదికి మూకుడు ఎక్కకపోవడానికి కారణం ఒక్కటే: ఆ ఇంట్లో అందరికీ అన్నీ తెలియడం.

అలాంటి ఇంట్లో ఒక పెద్దాయన ఉండేవాడు. బతుకంతా చెక్కకి చిత్రిక పట్టిన వడ్రంగి. పెద్ద జబ్బు చేసి లేచాక, జావ తాగి తాగి ఆయన నాలుకే చెక్కబారిపోయింది. మిగిలిన కోరిక ఒక్కటే. చిత్రిక పొట్టంత పలచగా తరిగి, కరకరలాడేలా వేయించిన బంగాళదుంప ముక్కలు. డాక్టరమ్మని అడిగితే ఆవిడ తలెత్తకుండానే చెప్పింది.

"అప్పుడప్పుడూ ఓ గుప్పెడు తినండి తాతగారూ. రిఫైన్డ్ నూనె ఏదో ఒకటి, తాజాగా పోసుకుంటే చాలు."

అక్కడే కొంప మునిగింది. పెద్దాయన కొడుకు పనిచేసేది ఓ కంపెనీ కొనుగోళ్ల విభాగంలో. మూడు కొటేషన్లు రాకుండా ఇంటికి చీపురైనా తెచ్చి ఎరగడు. (పెళ్లి సంబంధాలూ అలాగే చూశాడు. కోడలు మూడో కొటేషన్.) "ఏదో ఒకటి" అనే సరుకు ఏ కొట్లోనూ అమ్మరు కాబట్టి, అతను వేపుడు నూనె నిర్ణయ సంఘాన్ని ఏర్పాటు చేశాడు.

సంఘానికి అధ్యక్షుడు తనే. అక్కగారి భర్త ఫోన్లో సభ్యుడు. మేడమీదాయన నిపుణుడు, ఎందుకంటే ఆయన ఒకప్పుడు కొలెస్ట్రాల్ పరీక్ష చేయించుకున్నాడు. రోజూ వంట చేసే కోడలికి చోటు లేదు, ఆవిడకి వంటతో సొంత సంబంధం ఉన్నందువల్ల. పెద్దాయనకి అసలే లేదు, తినబోయేది ఆయనే అయినందువల్ల.

సీసాలు వచ్చాయి. పొద్దుతిరుగుడు, తవుడు, సోయా, వేరుశనగ. ఒకదాని మీద గుండె బొమ్మ, ఒకదాని మీద పరిగెత్తే మనిషి. ఒకదాని మీద "కొలెస్ట్రాల్ లేదు" అని గర్వంగా రాసి ఉంది. (మంచినీళ్లలోనూ లేదు గానీ, పాపం, నీళ్ల సీసా అంత డప్పు కొట్టుకోదు.) ఒక్కో నూనె గరిటెడు కాచి, పొగ ఎప్పుడు లేస్తుందో అధ్యక్షులవారు కళ్లు మండేదాకా చూశారు. అన్నీ బాగానే ఉన్నాయని తేలింది. అన్నీ బాగుంటే ఒకదాన్నే కొనడానికి కారణం ఉండదు. కారణం లేని కొనుగోలు నిబంధనలకు విరుద్ధం. అందుచేత అన్నిటినీ తిరస్కరించి, మరికొన్ని నమూనాలు తెప్పించాలని తీర్మానించారు.

ఇంత మేధోశ్రమకి ఆకలి వేయదూ? పరీక్షలున్న రోజుల్లో పొయ్యి సంఘం అధీనంలో ఉంటుంది కాబట్టి, వీధి చివర కొట్టు నుంచి పొట్లాలు వచ్చేవి. వేయించిన బంగాళదుంప ముక్కలే. ఆ కొట్లో మూకుడు కడిగినట్టు చూసినవాళ్లు లేరు. అందులో నూనె రంగు తారుకి కాస్త తక్కువ, తేనెకి చాలా ఎక్కువ. అది ఏం నూనె అని సంఘంలో ఎవరూ అడగలేదు. అది ఎజెండాలో లేదు మరి.

పక్క గదిలో మంచం మీద పెద్దాయనకి ఆ కరకర వినబడేది. గుటకలు మింగి, మింగి, ఒకనాడు గుమ్మం దాకా వచ్చాడు.

"ఒక్క ముక్క ఇటు పెట్టరా."

"ఇంకా ఏ నూనో తేలలేదు కదా నాన్నా," అన్నాడు కొడుకు, వేళ్లు నాక్కుంటూ. "నీ కోసమే కదా మేమిలా చస్తున్నాం."

పెద్దాయన వెనక్కి తిరిగి మంచం ఎక్కాడు. ఇక గంజిబతుకే అనుకుని గోడవైపు మళ్లాడు.

అయితే సంఘం ఒక చిన్న పని మరిచిపోలేదు. తిరస్కరించిన సీసాలను వదిలించే బాధ్యత కోడలికి అప్పగించింది. కోడలు ఒద్దికైన మనిషి, చెప్పిన పని చేసింది. మర్నాడు మధ్యాహ్నం కొడుకు ఆఫీసులో ఉండగా వంటింట్లో చుయ్యిమంది. పెద్దాయన చెప్పులు వెతుక్కోకుండానే వచ్చాడు.

"ఏం నూనె అమ్మాయ్ అది?"

"ఏదో ఒకటి మామయ్యా. ముందు తినండి, ఆరితే మెత్తబడతాయి."

మొదటి ముక్క పంటికింద విరిగినప్పుడు ఆయన కళ్లు మూసుకున్నాడు. పళ్లెం ఖాళీ అయ్యాక గుప్పెడు ఎంతని తన వడ్రంగి అరచెయ్యి చాపి కొలిచి చూపించాడు. కోడలు తన అరచెయ్యి చాపి, ఇది డాక్టరమ్మ గుప్పెడని చెప్పింది. బేరం అక్కడ కుదిరింది. అప్పటినుంచి వారానికో మధ్యాహ్నం ఒక తిరస్కారం ఖర్చయ్యేది.

ఇలా సాగుతుండగా ఆపద వచ్చిపడింది. ఫోన్లో సభ్యుడికి విసుగు పుట్టి, చీట్లు వేసి ఏదో ఒకటి తేల్చేద్దాం అన్నాడు. మేడమీదాయనా సరే అన్నాడు. తేలిపోతే నమూనాలు ఆగిపోతాయి. కోడలు గుమ్మంలోనే నిలబడిపోయింది. అప్పుడు మంచం మీంచి గొంతు వినబడింది.

"తొందరపడకండ్రా. మొక్కజొన్న నూనె ఇంకా చూడనే లేదు కదా?"

తండ్రికి ఇన్నాళ్లకు పద్ధతి విలువ తెలిసిందని కొడుక్కి కళ్లు చెమర్చాయి. మొక్కజొన్న నమూనాకి ఆ పూటే కబురు వెళ్లింది.

తర్వాత డాక్టరమ్మ దగ్గరికి తండ్రీకొడుకులిద్దరూ వెళ్లారు. పనిలో పనిగా ఇద్దరికీ రక్తపరీక్ష చేసింది. పెద్దాయన రక్తం బ్రహ్మాండంగా ఉంది. కొడుక్కి మాత్రలు రాసింది. తండ్రి ఆరోగ్యానికి కారణం సంఘం ఏ నిర్ణయమూ తీసుకోకపోవడమేనని గుర్తించి, సంఘాన్ని శాశ్వతం చేశారు. అధ్యక్షుడి రక్తంలోకి కొవ్వు ఎలా వచ్చిందో కనుక్కోవడానికి ఉపసంఘం వేశారు. దాని తొలి సమావేశానికి వీధి చివర కొట్టు నుంచి రెండు పొట్లాలు తెప్పించారు.

ఇదీ సంగతి. మరిచిపోకుండా నలుగురికీ చెప్పండి. వాళ్లలో ఎవరైనా, ఇంతకీ ఆ కోడలు వాడిన వాటిలో ఏ నూనె మంచిదని అడిగితే, వాళ్లకి మళ్లీ మొదటినుంచి చెప్పండి.