దొంగ కిటికీయే అసలు కిటికీ

కిటికీ అన్నాక వెలుతురు రావాలని ఎవరు చెప్పారు?

మా ఇంటి ముందుగోడలో ఒక కిటికీ ఉంది. దానికి చట్రం ఉంది, పైన ఇటుకల కమాను ఉంది, కింద రాతి పలక ఉంది. అద్దం ఉండాల్సిన చోట మాత్రం ఇటుకలున్నాయి. వాటి మీద నల్లరంగు, ఆ నలుపు మీద తెల్లగీతలు. రోడ్డు మీంచి చూస్తే అచ్చం కిటికీయే. కిటికీల జాతిలో దాన్ని మించింది లేదని నా అభిప్రాయం.

లాభం చూడండి. తుడవక్కర్లేదు. తెర కుట్టించక్కర్లేదు. ఇంగ్లండులో మా సఫోక్ జిల్లా చలిగాలి దూరదు. మన పళ్లెంలో ఏముందో పక్కింటివాడికి తెలియదు. ఇన్ని సుఖాలు ఏ అద్దాల కిటికీ ఇచ్చింది?

నేను దాణా వ్యాపారిని. బస్తా పైన మంచి గింజ పోసి నాసిరకం కింద దాస్తే నన్ను మోసగాడంటారు. అదే పని ఇల్లు చేస్తే చరిత్ర అంటారు! మా ఇంటికి ఎర్రటి ఇటుక ముందువైపు మాత్రమే. మిగతా మూడు వైపులా కర్ర, మట్టి. రెండు మూడు వందల ఏళ్ల కిందట, జార్జి రాజుల కాలంలో ఇటుక ఫ్యాషనయితే, అప్పటి రైతు రోడ్డుకి కనబడే మేరకే పేర్పించాడు. తలుపుకి అటు ఎన్ని కిటికీలుంటే ఇటూ అన్నే ఉండాలని ఈ దొంగ కిటికీ పెట్టించాడు. ఆ మహానుభావుడు నా వ్యాపారంలో పోటీకి వచ్చుంటే నేను ఊరు వదిలేసేవాణ్ణి.

మా ఆవిడ థిర్జాకి ఈ కళ అర్థం కాదు. ఆ కిటికీ వెనక గదిలో ఆమె బట్టలు కుడుతుంది. పట్టపగలు కూడా దీపం కావాలి. కళ్లు మంటలు.

"చలికాలం వచ్చేలోపల ఆ గదికి వెలుతురు రావాలి. లేకపోతే నేను ఈ ఇంట్లో ఉండను. నువ్వూ నీ ఇటుకలూ కాపురం చేసుకోండి" అంది.

మాది ప్రభుత్వం రక్షిత జాబితాలో పెట్టిన ఇల్లు. ఇటుక కదపాలంటే అనుమతి కావాలి. పురాతన కట్టడాల అధికారి పెల్హామ్ గారు వచ్చి, ఆ నల్లరంగుని పసిపిల్ల బుగ్గలా నిమిరారు.

"ఇది మా ఆవిడ థిర్జా. ఈమె కోసం ఇక్కడ నిజం కిటికీ పెట్టించుకుంటాం సార్" అన్నాను.

"కుదరదండీ. ఈ దొంగ కిటికీ అసలైనది. మీరు పెట్టే అసలు కిటికీ దొంగదవుతుంది."

"మరి వెలుతురో?" అంది థిర్జా.

"అది ఆ కాలంలో లేదమ్మా."

"ఆ కాలంలో సూర్యుడు లేడా?"

"ఉండేవాడు. ఈ గదిలోకి వచ్చేవాడు కాదు."

ఎంత చక్కటి వివరణ! నేను తలూపాను. థిర్జా ఊపలేదు.

పెరట్లో రేకులతో కట్టిన కోళ్ల షెడ్డు ఉంది. దానికి చరిత్ర లేదు కాబట్టి పెద్ద అద్దాల కిటికీ ఉంది. ఆమె కుట్టుమిషనూ మంచమూ అందులోకి మార్చింది. "వస్తే రా, లేకపోతే నీ ఇష్టం" అంది. వెళ్లాను. కోళ్లు కుట్టుగదిలోకి వచ్చాయి. పెల్హామ్ గారు ఆక్షేపించలేదు. రైతు ఇంట్లో కోళ్లుండడం ఆ కాలానికి తగ్గట్టే ఉందన్నారు.

కోళ్లే ఒప్పుకోలేదు. గుడ్లు మానేశాయి. ఇంతలో పశుసంక్షేమ అధికారిణి బ్రాంఫీల్డ్ గారు తనిఖీకి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఈ చీకటి కొట్లో ప్రాణుల్ని ఉంచడానికి మీకు మనసెలా ఒప్పిందండీ? పగటి వెలుతురు వాటి హక్కు. ఈ గోడకి వెంటనే కిటికీ పెట్టించండి. పెల్హామ్ గారితో నేను మాట్లాడతాను."

మాట్లాడారు. కోళ్ల ఆరోగ్యం సంగతి కాబట్టి తప్పదని పెల్హామ్ గారు అనుమతి ఇచ్చారు. షరతు ఒక్కటే. గదిలో కోళ్లున్నంత కాలమే కిటికీ ఉండాలి. మనుషులు తిరిగి చేరితే ఇటుకలు మళ్లీ పేర్చేయాలి.

ఈ సంగతి చెప్పగానే థిర్జా సూది పక్కన పెట్టి, నావైపు తిరిగింది.

"ఆ రోజు పెల్హామ్ గారికి నన్ను మా ఆవిడ అని ఎందుకు పరిచయం చేశావయ్యా? మా కోడి అంటే సరిపోయేది."