బంగారమ్మ పళ్ళపొడి డబ్బా

ఆ పొద్దున దానయ్య అనుకున్నది చాలా చిన్న పని. పళ్ళు తోముకోవాలి, స్నానం చెయ్యాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, పదింటికల్లా రాయ్‌పూర్ రైల్వే ఆస్పత్రిలో డాక్టరు ముందు నిలబడాలి. ఫైర్‌మన్‌గా బొగ్గు ఎగదోసి ఎగదోసి నడుం వంగినవాడు. ఈ వైద్య పరీక్షలో నెగ్గితే డ్రైవరు. తప్పితే ఇంజను మీంచి దింపేసి షెడ్డులో బూడిద తోడిస్తారు. భార్య బంగారమ్మ రాత్రే కొబ్బరికాయ మొక్కుకుంది.

రోజూ వేపపుల్ల నమిలే మనిషికి ఆ పూట బుద్ధి మారింది. డాక్టరు నోరు కూడా తెరిపిస్తాడని ఎవరో చెప్పారు. గూట్లోంచి నల్ల పళ్ళపొడి డబ్బా తీశాడు. పొడి ముద్దగా ఉంది. వానాకాలం కదా, చెమ్మ తగిలిందనుకున్నాడు. వేలినిండా తీసి తోమాడు. తెల్లబడలేదని మళ్ళీ తోమాడు.

అది పళ్ళపొడి కాదు, గుడాఖు. పొగాకు, బెల్లం మడ్డి కలిపి నూరిన ముద్ద. తెల్లారితే రాయ్‌పూర్‌లో సగం ఊరు దాన్ని చిగుళ్ళకు రాసుకుని గుమ్మాల్లో కూర్చుంటుంది. అది పడందే కాళ్ళూ చేతులూ ఆడవు. బంగారమ్మకు పక్కింటావిడ నేర్పింది. తలనొప్పికని మొదలెట్టింది. తల తగ్గింది గాని వేలు ఆగలేదు.

ఇంట్లో తెలిస్తే కొంప మునుగుతుందని పళ్ళపొడి డబ్బాలో దాచింది. మా ఇంట చుట్ట కంపు కూడా ఉండదని దానయ్య కాలనీ అంతా చెప్పుకుంటాడు. ఇక అత్త నాంచారమ్మ, పొగాకు కనబడ్డ పూటే సొంతూరు పలాస బండెక్కేస్తానని ఒట్టు పెట్టుకుంది. నిష్ఠగల మనిషి. మెత్తగా పిసికిన చారన్నం ఇంత తింటుంది, పూటపూటా పెరట్లోకెళ్ళి పళ్ళు తోముకుంటుంది. ఆవిడ తోముకునేది ఉప్పూ బొగ్గూ అని కోడలి నమ్మకం. ఈమధ్య డబ్బా తొందరగా అడుగంటుతుంటే, తన అలవాటే ముదిరిందని బంగారమ్మ దిగులు పడేది.

దానయ్య నెత్తిన రెండో చెంబు పోసుకున్నాడో లేదో నూతిపళ్ళెం గిర్రున తిరిగింది.

"ఒలే, నాకేటో అయిపోతోందే. చక్కర్ వస్తోంది. గుండి సూడు, గూడ్సు బండిలాగ!"

బంగారమ్మ చెయ్యి పెట్టి చూసింది. గూడ్సు కాదు, మెయిలు. అప్పుడే మూత లేని డబ్బా కంటబడింది. ఆవిడ గుండె కూడా అదే పట్టాలెక్కింది.

"దిష్టి!" అంది నాంచారమ్మ. "పెమోషనంటే ఊరంతా ఏడస్తన్నారు." ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసింది. ఆ ఘాటుకి దానయ్యకు దగ్గు కూడా తోడైంది.

దగ్గు విని నూకరాజు వచ్చాడు. షెడ్డులో తోటి ఫైర్‌మను. తెలియని వైద్యం లేదు.

"ఇది ఘబరాహట్ బావా. పరీక్షంటే భయం. కడక్ చాయ్ కొట్టు, జల్దీ దిగిపోద్ది."

రెండు గ్లాసులు తాగించాడు. లోపలున్న దానికి టీ జత కలిసింది. దానయ్య చేతులు వణకడం మొదలెట్టాయి, చొక్కా గుండీలు నూకరాజే పెట్టాడు. అందరూ కలిసి రెండు రిక్షాల్లో బయలుదేరారు. దారిలో పాన్ డబ్బా దగ్గర నూకరాజు ఆపించాడు.

"ఇది నవులు బావా. జర్దా పొగాకు ఏయించాను. గుండి కుదురుతాది."

"వొద్దన్నయ్యా, అది మరీ ఎక్కిస్తాది!" అంది బంగారమ్మ.

"నీకేటి తెలుసే దాని సంగతి?" అంది అత్త.

బంగారమ్మ గబుక్కున కొంగుతో మూతి తుడుచుకుంది.

"మందుకైతే తప్పు లేదు, నవల్రా నాయనా," అంది నాంచారమ్మ.

నమిలాడు. ఉమ్మడం చేతకాక మింగాడు. ఆస్పత్రి మెట్ల మీద వాంతి, వరండాలో ఎక్కిళ్ళు.

డాక్టరు డేవిడ్ గారు కాకినాడ వైపు మనిషి. నాడి పట్టుకుని గడియారం చూశాడు. గడియారం ఆగిందేమోనని చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఏమయ్యా, నిన్ను ఇంజను ఎక్కిస్తే బండికన్నా ముందు నీ గుండె బిలాస్‌పూర్ చేరేటట్టుందే." కలం తీశాడు. అన్‌ఫిట్ అని రాయబోయాడు.

ఒక పక్క తన పరువు, ఒక పక్క బూడిద షెడ్డు. బంగారమ్మ కలాన్ని చేత్తో పట్టేసుకుంది.

"ఆగండి బాబూ! ఆయన గుండి మంచిదే. పళ్ళపొడి డబ్బాలో గుడాఖు ఉంది. ఆయనకి తెల్దు. అది నాదే."

"నా ఇంట్లోనా?" అన్నాడు దానయ్య. ఎక్కిలి అడ్డొచ్చి కోపం పండలేదు.

డాక్టరు కలం విడిపించుకుని మూత పెట్టాడు. "అలా చెప్పమ్మా! పొగాకులో సత్తువ కడుపుదాకా పోనక్కర్లేదు, చిగుళ్ళలోంచే నెత్తుట్లో దిగిపోతుంది. పులి ఎదురైతే ఒళ్ళు ఎలా లేస్తుందో అలా లేపుతుంది. గుండె దౌడు, చెమట, వణుకు. అలవాటున్నవాళ్ళు దాన్నే హుషారంటారు. లేనివాడికి ఇదిగో, ఇదీ. పైగా చాయ్, జర్దానా! రెండేసి గంటలకి సగం సగం దిగుతుంది. నోరు కడిగించి బల్లమీద కూర్చోబెట్టండి, సాయంత్రం చూస్తా."

అప్పుడు నాంచారమ్మ లేచింది. "అది కోడలిది ఒక్కద్దానిదే కాదు బాబూ. నాది కూడా."

బంగారమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "అత్తా, నా తప్పు నీ మీదేసుకుంతన్నావా!"

"ఏసుకోడమేటే! రోజూ నీ డబ్బాలోదే తీస్తన్నాను. కొంచెం ఎక్కువ కొని ఎట్టలేకపోయావా?"

డాక్టరు ఆవిడవైపు తిరిగాడు. "పెద్దమ్మా, రోజుకెన్నిసార్లు?"

"పళ్ళు తోముకున్నప్పుడల్లా బాబూ."

"ఏదీ, నోరు తెరువు."

తెరిచింది. డాక్టరు పైకీ కిందకీ టార్చి వేసి వెతికాడు. "పళ్ళేవీ?"

"తోమి తోమి అరిగిపోనాయి బాబూ."

మధ్యాహ్నం దాటేసరికి దానయ్యకు దిగిపోయింది. వేళకి గుడాఖు పడక అత్తాకోడళ్ళకు ఎక్కింది. తలనొప్పి, ఆవులింతలు, బల్లమీద చోటు కోసం కాట్లాట. "ఇది దాని రెండో వేషం," అన్నాడు డాక్టరు అటుగా పోతూ. సాయంత్రం మళ్ళీ నాడి చూసి, ఫిట్ అని రాశాడు. ఆ కాలనీ మొత్తంలో నింపాదిగా కొట్టుకుంటున్న గుండె అదొక్కటేనన్నాడు.

నాంచారమ్మ పలాస బండెక్కలేదు. మర్నాటినుంచి గూట్లో పళ్ళపొడి డబ్బాలు రెండయ్యాయి. డ్రైవరు దానయ్య మాత్రం వేపపుల్లనైనా వాసన చూసిగాని నోట్లో పెట్టడం లేదు.