లాల్‌పేట్‌ల ఎమర్జింగ్ పగులు

నాకు అన్నిటికంటె పెద్ద భయం ఒక్కటే: నా బిడ్డ ఉజ్వల కూసునే అంగన్‌వాడీ గది ఒకనాడు పిల్లలతోటి సహా భూమిలకు దిగుతదని. లాల్‌పేట్‌ల మా బస్తీ కింద పాత బొగ్గు బాయి ఉన్నది. గది నడిమిట్ల పగులు పడ్డది, నా చెయ్యి దూరేంత.

ఈ భయాన్ని మా నగరసేవకుడు, అంటే మా మరాఠీ దిక్కు కార్పొరేటరు, రాకేష్ భావు ఒక్క ఇంగ్లీషు మాటతోటి పోగొట్టిండు. సభ పెట్టి, మైకు పట్టి ప్రకటించిండు: "ఇది ఉత్త పగులు కాదు. ఎమర్జింగ్ పగులు!"

అందరం చప్పట్లు కొట్టినం. నేను ఏడోది నడుమనే బడి ఇడిచిన దాన్ని, అందుకే అడిగిన.

"భావూ, ఎమర్జింగ్ అంటే ఏంది?"

"ఇప్పుడిప్పుడే వస్తున్నది అని, తాయీ. కొత్త రోగమొస్తే ఎమర్జింగ్. కొత్త లీడరొస్తే ఎమర్జింగ్. పేద దేశాన్ని గూడ పేద అనరు, ఎమర్జింగ్ అంటరు. వచ్చిందంటే సమస్య. వస్తున్నదంటే ప్రగతి."

ఎంత చదివిండో! మా సమస్యలన్నీ ఆ పూటనే ప్రగతైనయి.

మా మామ పోచన్నకు మాత్రం ఇంగ్లీషు రాదు. ముప్పై ఏండ్లు బాయిల చేసిండు. బాయిల పని మొదలువెట్టే ముందు పైకప్పును రాడుతోటి కొట్టి ఇంటరు: గట్టిగ మోగితే పని, డొల్లగ మోగితే ఉరుకుడు. మామ తన కట్టెతోటి అంగన్‌వాడీ నేలను అట్లనే కొట్టిండు.

"డొల్ల. పిల్లలను తియ్యుండ్రి" అన్నడు.

భావు అప్పటికప్పుడు ఆయన మెడల శాలువా ఏసి, 'ఎమర్జింగ్ ఎక్స్‌పర్ట్' అని బిరుదిచ్చిండు. డెబ్బై నాలుగేండ్లకు మామ ఎమర్జ్ అయితుంటే నా కండ్లల్ల నీళ్ళు తిరిగినయి.

పిల్లలను వేరే గదికి మార్చుమని అర్జీ పట్టుకొని కార్పొరేషన్ ఆఫీసుకు పోయిన. సాహెబ్ ఓపికతోటి చదివిండు.

"రికార్డుల 'వస్తున్నది' అని ఉన్నది. వచ్చినంక రా."

"వచ్చిందని ఎట్ల ఎరుకైతది సార్?"

"అది వచ్చినప్పుడు లోపట హాజరున్న మనిషి సంతకం కావాలె."

"లోపటున్న మనిషి సంతకం ఎట్ల పెడుతడు సార్?"

"పెన్ను మేమే ఇస్తం."

భావుది పెద్ద మనసు. పిల్లలకు సెలవిచ్చిండు. గది ఖాళీగుంటే బదనాం అయితదని, లోపట మామను కూసోపెట్టిండు, పిల్లల చిన్న కుర్చీల, చేతిల రిజిస్టరు పెట్టి. పేపర్ల ఫోటో గూడ పడ్డది.

"మామా, మనకెందుకే ఇది, ఇంటికి రా" అన్న.

"నేను లేస్తే రేపు మళ్ళ పిల్లలను కూసోపెడుతరు. నువ్వు పిల్లను తీసుకొని పో బిడ్డా" అన్నడు.

ఉజ్వలను తీసుకొని లక్కడ్‌కోట్‌ల మా అమ్మగారింటికి వచ్చిన. నిన్న పొద్దటి సంది మామ ఫోన్ ఎత్తుతలేడు. భావుకు చేస్తే, "రిపోర్టు ఇంకా రాలేదు తాయీ. అంటే అంతా మంచిగనే ఉన్నట్టు" అన్నడు.

లాల్‌పేట్ దిక్కు పోయేటోళ్ళు ఎవలన్న ఉంటే, ఆ గది కిటికీ కాడ నిలవడి, "పోచన్నా" అని ఒక్కసారి పిలువుండ్రి. లోపటికి మాత్రం అడుగు పెట్టకుండ్రి.