మద్దితొర్ర సంఘానికి కిటికీ చదువు

ఒక పెద్ద అడవిలో, పులులూ ఏనుగులూ తలతిప్పి చూడ్డం కూడా దండగనుకునే ఓ మూల, మద్దితొర్ర పొదుపు సంఘం ఉండేది.

పేరు పెద్దదే గానీ ఆస్తి ఒకటే. ఎండిపోయిన మద్దిచెట్టు, దానికో లోతైన తొర్ర. ఎండాకాలమంతా సభ్యులు తమకి దొరికింది తెచ్చి అందులో వేసుకునేవాళ్ళు: ఇప్పపువ్వు, సారపప్పు, ఎండు తునికిపండ్లు, అడవిదుంపలు. వానలు పట్టి అడుగు బయటపెట్టలేని రోజులొస్తే ఎవరిది వాళ్ళు తీసుకునేవాళ్ళు. చాలనివాళ్ళు అప్పు తీసుకుని, మళ్ళీ ఎండాకాలానికి ఓ గుప్పెడు కలిపి వేసేవాళ్ళు.

తాళం లేదు, కప్ప లేదు. ఉన్నవి రెండే కట్టుబాట్లు.

ఒకటి, అప్పు కావాల్సినవాళ్ళు తొర్ర ముందున్న నల్లరాయి ఎక్కి కూర్చోవాలి. ఎక్కినవాళ్ళని ఎవరైనా ఏమైనా అడగొచ్చు. ఆఖరి ప్రశ్నకి జవాబు చెప్పేదాకా దిగడానికి లేదు.

రెండు, అందరికంటే ఎక్కువ బాకీ ఉన్నవాళ్ళే తొర్రకి కాపలా. తొర్ర ఖాళీ అయితే రేపు తమకీ అప్పు పుట్టదు గనక వాళ్ళు కన్ను ఆర్పరు. పైగా కాపలా కూర్చున్నవాళ్ళు పారిపోలేరు. ఈ ఆలోచన ఏ మహానుభావుడికి వచ్చిందో గానీ, వాడికి బడి మొహం తెలియదని మాత్రం చెప్పగలం.

ఆ ఏడు కాపలా చెవులపిల్లి చిట్టెమ్మది.

"పోయినసారి తీసుకున్న పప్పు ఏం చేశావే?" అని ఆమెని రాయి మీద కూర్చోబెట్టి కౌజుపిట్టలు నిలదీశాయి.

"ఆడపడుచు పిల్లలతో వచ్చింది."

"ఎంతమందితో?"

"లెక్కపెట్టేలోపు ఇంకో కాన్పయింది."

అడవి అడవంతా పొట్టపట్టుకుని నవ్వింది. నవ్వి, అప్పిచ్చింది. సంఘం అంటే అదీ.

ఆ సంఘంలో ముళ్ళపంది నూకాలు ఓ సభ్యురాలు. మొగుడు దుంపలు తవ్వడానికని కొండవతలకి వెళ్ళి, అక్కడ ఇంకో సంసారం తవ్వుకున్నాడు. ఇద్దరు పిల్లలు. వాన పడితే వాళ్ళ బొరియ నీళ్ళతో నిండిపోతుంది. అప్పుడు ముగ్గురూ బండమీదికి చేరాలి, బండమీద తవ్వుకోవడానికి ఏముంటుంది, నూకాలు నుదుటిరాత తప్ప! అందుకే ఎండల్లో మూతి అరిగేలా తవ్వి, పిల్లల వానాకాలం తిండంతా, ఒక్క దుంప ఇంట్లో మిగుల్చుకోకుండా, తొర్రలో దాచింది.

సరిగ్గా తొలకరికి ముందు కొండముచ్చు కోదండం పట్నం నుంచి దిగాడు.

మెడలో నీలం తాడు. తాడుకి ప్లాస్టిక్ కార్డు. కార్డు మీద ఎవరో బట్టతలాయన ఫోటో.

"అది నువ్వు కాదు గదా?" అంది నూకాలు.

"హోదా నాదే," అన్నాడు కోదండం. "నేను పట్నంలో బ్యాంకులో ఉండొచ్చాను."

సభ గతుక్కుమంది. కౌజుపిట్టలు రెక్కలు సర్దుకున్నాయి.

"బ్యాంకులో ఏం చేసేవాడివి బాబూ?"

"కిటికీ దగ్గర కూర్చునేవాణ్ణి."

"లోపలా, బయటా?" అంది నూకాలు.

"అమ్మా, కిటికీకి లోపలేమిటి, బయటేమిటి? కిటికీ కిటికీయే!"

చప్పట్లే చప్పట్లు. ఇంత తెలివైన జవాబు ఆ అడవి ఎప్పుడూ వినలేదు. నూకాలు ముళ్ళు చిటపటలాడాయి గానీ ఎవరికీ వినపడలేదు.

కోదండం గొంతు సవరించుకున్నాడు. "బ్యాంకంటే ఏమిటో కళ్ళారా చూశాను. జనం వస్తారు, తెచ్చింది లోపల పడేస్తారు. తిరిగి అడగడానికి వస్తే ఒకాయన తలెత్తకుండా 'భోజనం తర్వాత' అంటాడు. భోజనం తర్వాత వస్తే 'రేపు' అంటాడు. వాళ్ళు దండం పెట్టి మరీ వెళ్ళిపోతారు. ఆహా, ఏం క్రమశిక్షణ! మరి మనమో? అడిగిందే తడవు ఇచ్చేస్తున్నాం. సిగ్గుగా లేదూ?"

నిజమే, అందరికీ సిగ్గేసింది. తాబేలు తాతకైతే ఇన్నేళ్ళు అడిగినవాళ్ళకి అడిగినట్టు ఇచ్చిన పాపానికి తల లోపలికి పోయింది.

ఆ సాయంత్రమే కోదండాన్ని అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఒక్క ఓటు వ్యతిరేకం. అది ఎవరిదో మీకు చెప్పక్కర్లేదు.

"అసూయ," అని తేల్చాయి కౌజుపిట్టలు.

మర్నాటినుంచి సంస్కరణలు. ముందుగా కాకి ఈక ఒకటి తెప్పించి, తీగతో తొర్ర పక్కన కట్టించాడు. తీగ ఎంత పొట్టిదంటే ఈక ఎవరికీ అందదు.

"రాయడం మనలో ఎవరికి వచ్చు నాయనా?" అన్నాడు తాత.

"రావాలని ఎవరన్నారు? కట్టి ఉండాలి, అంతే!"

తర్వాత టోకెన్ ఆకులు. తొర్ర దగ్గరికి రావాలంటే ఆకు పట్టుకుని వరసలో నిలబడాలి. అడవికి పిచ్చెక్కిపోయింది. ఏ పనీ లేనివాళ్ళు కూడా పొద్దున్నే లేచి ఆకు తెచ్చుకునేవాళ్ళు. "నాది ఏడో ఆకు!" అని ఒకరంటే, "నాది మూడోది, నీకంటే నాలుగు మెట్లు పైన!" అని ఇంకొకరు. ఏడో ఆకువాళ్ళు మూడో ఆకువాళ్ళకి వంగి దండాలు పెట్టారు. ఓ ఉడత తన టోకెన్ ఆకుని కూతురికి కట్నంగా ఇచ్చిందని కూడా చెప్పుకున్నారు.

కాపలా నుంచి చిట్టెమ్మని తీసేశాడు. "అప్పులవాళ్ళు గుమ్మంలో కూర్చుంటే సంస్థ పరువేం కాను?" అని తన బామ్మర్దులు నలుగురిని పెట్టాడు. నలుగురూ ఒకే పోలిక, ఒకే ఆకలి.

ఆనక అసలు సంగతికొచ్చాడు.

"ఇలా గుప్పెడు పప్పులకి అప్పులిచ్చుకుంటూ ఎన్నాళ్ళు? పెద్ద ఖాతాదారు కావాలి. ఎలుగుబంటి భీమలింగం గారు మన దగ్గర అప్పు తీసుకోడానికి దయతో ఒప్పుకున్నారు."

"ఎంత అప్పు?" అంది నూకాలు.

"ఆయన స్థాయికి తగ్గంత."

"అయితే రాయెక్కి చెప్పమను, ఎందుకో."

"ఏమమ్మా! అంతటివాణ్ణి పట్టుకుని రాయెక్కిస్తామా? ప్రశ్నలు వేస్తామా? రేపు మళ్ళీ మన గడప తొక్కుతాడా?"

భీమలింగం వచ్చాడు. కొండలాగా నిలబడ్డాడు. కోదండం చెవిలో ఏదో ఊదితే "ఊఁ" అన్నాడు. అప్పు మంజూరు. చప్పట్లు కొట్టడానికి టోకెన్లు కింద పెట్టాల్సి వచ్చింది, దానికోసం ఓ చిన్న కొట్లాట కూడా జరిగింది. బామ్మర్దులు తొర్రలోంచి సరుకు మొయ్యడం మొదలెట్టారు. "సరాసరి భీమలింగం గారి గుహకే" అన్నారు.

వానలు పట్టాయి.

నూకాలు బొరియ మునిగింది. పిల్లలిద్దర్నీ బండమీద ఆకుల కింద దాచి, టోకెన్ నోట కరుచుకుని, తడుస్తూ వరసలో నిలబడింది. తన వంతొచ్చేసరికి కోదండం ఏదో నములుతున్నాడు.

"భోజన విరామం," అన్నాడు తలెత్తకుండా.

"నువ్వు నమిలేది నా దుంప."

"సంస్థ దుంపమ్మా. సంస్థలో పడ్డాక నీదేమిటి, నాదేమిటి?"

నూకాలు వెనక్కి తిరిగి ముళ్ళన్నీ ఒక్కసారి గలగలలాడించింది. అధ్యక్షుడు నోట్లో దుంపతో సహా పక్కకి గెంతాడు. ఆమె తొర్రలోకి తలపెట్టి చూసింది.

లోపల ఓ ఎండుటాకు ఉంది. అది కూడా టోకెనే.

"మా పిల్లల తిండేదిరా?" ఆ గొంతుకి వరస మొత్తం చెదిరిపోయింది.

"భీమలింగం గారి అప్పు కింద వెళ్ళింది. వసూలవగానే ఇస్తాం."

"ఎప్పుడు వసూలవుతుంది?"

"అవదమ్మా. అది మొండిబాకీ. అసలు మొండిబాకీ ఉండటం ఎంత పెద్ద సంస్థకి గానీ దక్కదో తెలుసా నీకు!"

ఈసారి చప్పట్లు పడలేదు. కౌజుపిట్టలకి తమ గింజలు గుర్తొచ్చాయి. చిట్టెమ్మకి ఆడపడుచు పిల్లలు గుర్తొచ్చారు. కడుపులు మాడుతున్నాయి గదా, గొణుగుడు మొదలై అరుపయింది. అరుపు రాళ్ళదాకా వెళ్ళేలోపు కోదండం రెండు చేతులూ పైకెత్తాడు.

"శాంతించండి! మన భీమలింగం గారికి రేపు 'ఉత్తమ ఖాతాదారు' సన్మానం!"

అంతే. గొంతులు మారిపోయాయి.

"స్వాగతగీతం ఎవరు పాడతారు?"

"మేం పాడతాం, మా గొంతులు కలుస్తాయి!"

"శాలువా?"

"టేకాకులు కుడదాం!"

"అక్కా, నువ్వో రెండు ముళ్ళివ్వవే, కుట్టుకి సూదుల్లా పనికొస్తాయి," అంది చిట్టెమ్మ నూకాలుతో, కళ్ళు మెరిపిస్తూ.

"నీ పిల్లలేం తిన్నారే ఇవాళ?"

"ఏమీ తినలేదక్కా. సన్మానమయ్యాక చూద్దాం."

నూకాలుకి ఏడవాలో కరవాలో తెలియలేదు. మర్నాడు చినుకుల్లో పిల్లల్ని వెంటేసుకుని వచ్చి ఓ మూల నిలబడింది. పెద్దాడు అమ్మ కాలు నాకుతున్నాడు, కాలికి నిన్నటి దుంప మట్టి వాసన ఉంటుందేమోనని.

అంతలో కోదండం సభాస్థలం అంతా చూసి, "ముఖ్య అతిథిని బురదలో కూర్చోబెడతామా? ఎత్తుగా ఏదైనా... అదిగో, ఆ నల్లరాయి! దాన్ని పూలతో అలంకరించండి!" అన్నాడు.

తాబేలు తాత తల బయటికి తీశాడు. "అధ్యక్షా, ఆ రాయెక్కితే..."

నూకాలు ఓ కాలు తాత మూతిమీద పెట్టి నొక్కింది. "తాతా, శుభమా అని సన్మానం జరుగుతుంటే మధ్యలో నువ్వేమిటి? ఎక్కనీ."

ఎక్కాడు భీమలింగం. టేకాకుల శాలువా కప్పారు, భుజాల దాకా కూడా రాలేదు. స్వాగతగీతం మూడు శ్రుతుల్లో ముగిసింది. కోదండం ఉపన్యాసం మొదలెట్టబోతున్నాడు.

అప్పుడు, ఎవరూ చెప్పకుండానే, ఓ కౌజుపిట్ట నోరు జారింది. పుట్టినప్పటినుంచీ ఆ రాయిమీద ఎవర్ని చూసినా ప్రశ్న వేసిన ప్రాణం, ఎంతసేపు ఆగుతుంది?

"మావా, మా తునికిపండ్లు తియ్యగా ఉన్నాయా?"

"పెడితే గదా తెలిసేది!" అన్నాడు భీమలింగం.

సభ చెవులు నిక్కపొడుచుకుంది.

"మరి సారపప్పు?"

"పెట్టలేదు."

"ఇప్పపువ్వూ?"

ఆ మాట వినగానే భీమలింగం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఆ ఊసెత్తకండర్రా. వాసన మాత్రం చూపించారు."

"వందన సమర్పణ!" అని కేకపెట్టాడు కోదండం. "సభ ముగిసింది! వందన సమర్పణ!"

"రాయి దిగలేదు బాబూ ఇంకా," అంది నూకాలు ముందుకొచ్చి. "భీమలింగం మావా, అప్పు నీ పేరుమీద ఉంది గదా. సరుకు నీ గుహకి రాలేదా?"

"నా పేరుమీదా? నాకేం తెలుసమ్మా! కోదండం బావ వచ్చి 'అందరిముందూ ఊఁ అను, తేనెపట్టు ఇస్తాను' అన్నాడు. అన్నాను, ఇచ్చాడు. ఇంకో తేనెపట్టు ఇస్తే ఇంకో ఊఁ అంటాను."

నవ్వు మొదలైంది. ముందు చిట్టెమ్మ, తర్వాత పిట్టలు, ఆఖరికి డిప్పలోంచి తాత. కోపంతో నవ్వారు, ఆకలితో నవ్వారు, తమ తెలివికి తామే సిగ్గుపడి నవ్వారు. శాలువా వేసుకున్న భీమలింగం కూడా, ఎందుకో తెలియకపోయినా, కలిసి నవ్వాడు.

"మరి సరుకెక్కడికి పోయింది మావా?"

"వాగవతల గుహలోకి. బామ్మర్దులు మోశారు. పాపం, ఎంత కష్టపడ్డారో!"

బామ్మర్దులు నలుగురూ నాలుగు దిక్కులకి ఉడాయించారు. కోదండం పక్కనున్న మద్దిచెట్టెక్కబోయాడు. సగం ఎక్కేసరికి మెడలో నీలం తాడు ఈక కట్టిన తీగలో చిక్కుకుంది. పొట్టి తీగ గదా, పైకీ పోనివ్వలేదు, కిందికీ రానివ్వలేదు.

"విప్పండమ్మా, ఊపిరాడట్లేదు!"

"విప్పాలని ఎవరన్నారు?" అంది నూకాలు. "కట్టి ఉండాలి, అంతే."

వానలో పడి అందరూ వాగవతలకి పరిగెత్తారు. గుహలో ఉండాల్సినవన్నీ ఉన్నాయి, అధ్యక్షుడూ బామ్మర్దులూ బొక్కినవి తప్ప. తిరిగొచ్చేటప్పుడు ఊరేగింపే! భీమలింగం వీపుమీద ఇప్పపువ్వు, ఇప్పపువ్వు మీద కౌజుపిట్టలు, పిట్టలనోట మళ్ళీ స్వాగతగీతం. నూకాలు పిల్లలు చెరో దుంపా కరుచుకుని నడుస్తూనే నమిలారు. నమిలే చప్పుడు విని నూకాలు కళ్ళు తుడుచుకుంది, నెపం వాన మీద పెట్టి.

కోదండాన్ని తీగ విప్పి కిందికి దింపించి, తాత లెక్క తేల్చాడు. తిన్నది తిన్నట్టు కోదండం బాకీ. సంఘం పుట్టినప్పటినుంచీ అంత బాకీ ఎవరికీ లేదు.

"నేను అధ్యక్షుణ్ణి!"

"ఇప్పుడూ అధ్యక్షుడివే నాయనా, బాకీలవాళ్ళందరికీ. కట్టుబాటు ప్రకారం తొర్ర కాపలా నీదే."

పారిపోవచ్చు గదా అంటారేమో. కోదండం తర్వాత పెద్ద బాకీ భీమలింగానిది: ఊఁ అన్నందుకు తిన్న తేనెపట్టు. తాత లెక్కలో అది చిట్టెమ్మ పప్పుని మించింది. వీడు పోతే కాపలా అతని నెత్తిన పడుతుంది. అందుకని వానాకాలమంతా భీమలింగం వాడి తోక మీద కూర్చున్నాడు.

ఓ రోజు నూకాలు పిల్లలకి దుంపలు తీసుకోడానికి వస్తే, కోదండం నీరసంగా చెయ్యి చాపాడు.

"నూకాలమ్మా, ఓ తునికిపండు..."

"టోకెన్ ఉందా?"

"ఉంది."

"భోజనం తర్వాత రా."

"భోజనానికే గదా తల్లీ అడిగేది!"

"అయితే రాయెక్కి అడుగు."

ఎక్కాడు. కౌజుపిట్టలు బారులు తీరి కూర్చున్నాయి, ఎవరి ఆకు వాళ్ళు పట్టుకుని. ప్రశ్నలు ఇంకా సాగుతూనే ఉన్నాయట.

నీతి: సంఘం సొమ్ముకి కాపలా కావాలంటే నిజాయితీపరుడికోసం వెతుక్కుంటూ కూర్చోకండి, అందరికంటే ఎక్కువ మింగినవాణ్ణి పట్టుకుని గుమ్మంలో కూర్చోబెట్టండి.