పలుగురాయిలో బంగారం

ఆ రోజు ఏడున్నర బస్సుకి రెండు పొట్లాల పలుగురాయి పొడి విశాఖ ల్యాబుకి వెళ్లాలి. అనంతగిరి కొండల్లో గ్రానైటు మధ్య దొరికే ఆ రాయిలో అల్యూమినియం, టైటానియం లాంటివి లేశమాత్రంగానైనా ఎంత కలిశాయో అక్కడ తేలుస్తారు. ఎవరి పొడి శుభ్రంగా ఉంటే వాళ్లకే పర్మినెంటు ఉద్యోగమని ప్రొఫెసరు వరహాలరావుగారు ముందే చెప్పారు. పోటీ ఇద్దరికే: సర్వేశ్వరరావు, రవిబాబు.

రవిబాబును చూస్తే సర్వేశ్వరరావుకి ఒళ్లు మండేది. తనకన్నా ఆరేళ్లు వెనక చేరినవాడు తెచ్చిన రాయి మల్లెపువ్వులా ఉంది, తనది మసకగా ఉంది. పైగా ఇద్దరూ అద్దెకున్న ఇంటి యజమానురాలు ముత్యాలమ్మ రెండో గ్లాసు కాఫీ వాడికే పోస్తుంది! రవిబాబు స్నానానికి వెళ్లగానే పొట్లాల మీది పేర్ల చీటీలు పీకి, అటుది ఇటు, ఇటుది అటు అంటించేశాడు. దాంతో కడుపు చల్లబడింది.

పది రోజులకి ప్రొఫెసరు రవిబాబుకి ఫోను చేశారు. "నీ పొడిలో బంగారం తగిలిందయ్యా! రేపు వస్తున్నాను, ఇద్దరూ ఉండండి" అని ఠక్కున పెట్టేశారు.

స్పీకరులో వచ్చిన ఆ మాట వాకిట్లో కాఫీ గింజలు ఆరబోస్తున్న ముత్యాలమ్మ చెవిన పడింది. "ఓలమ్మో, మన కొండలో బంగారమే!" అంది. సాయంత్రానికి సంతంతా పాకింది. మర్నాడు బంగారం కబురు విన్న జనంతో మూడు జీపులు ఆ గింజల మీదుగానే వచ్చి ఆగాయి. రవిబాబు మెడలో బంతిపూల దండ పడింది.

"నాకేటీ తెల్దండీ" అని వాడు మొత్తుకున్నా వినేవాడు లేడు.

ఊరిపెద్ద గాసి ఒక్కడే బెంగపడ్డాడు. "బంగారముందంటే కొండ మనకి ఉంచుతారేటి? రాయి ఎక్కడ తీసావో సెప్పకు బాబూ" అని బతిమాలాడు.

అంతలో ప్రొఫెసరు దిగారు. జనం చప్పట్లు కొట్టారు. సర్వేశ్వరరావు గుండె భగ్గుమంది. ఆ బంగారం తన పొడిది, ఆ దండ తన మెడది!

"ఆగండి! ఆ పొడి నాది! చీటీలు నేనే మార్చాను, ఒట్టు!"

అందరూ నోళ్లు తెరిచారు. ప్రొఫెసరు మాత్రం తాపీగా అడిగారు. "నువ్వే నూరావా?"

"నేనేనండీ. కల్వంలో, ఈ చేత్తోనే!"

ఆ చెయ్యి పట్టుకుని పైకెత్తారాయన. మూడు వేళ్లకి మూడు బంగారు ఉంగరాలు, అడుగున అరిగిపోయి ఉన్నాయి.

"నూరేటప్పుడు ఉంగరాలు తీయమని మొదటిరోజే చెప్పానా? పలుగురాయి రాపిడికి ఇవే అరిగి పొడిలో కలిశాయి. కొండలో ఏమీ లేదు."

గాసి హమ్మయ్య అనుకున్నాడు. జీపులు వచ్చిన దారినే, మళ్లీ గింజలు తొక్కుకుంటూ పోయాయి. ముత్యాలమ్మ తిట్లు మాత్రం ఆగలేదు.

"ఇంత అజాగ్రత్త పని రవిబాబుదనుకుని, ఇంటికి పంపేద్దామని వచ్చాను" అన్నారు ప్రొఫెసరు, జేబులోంచి కాగితం తీస్తూ. "నీ పేరున వచ్చిన పొడి మహా శుభ్రంగా ఉంది. అందుకే ఉద్యోగం ఆర్డరు నీ పేరునే టైపు చేయించాను."

పేరు కొట్టేసి వేరే పేరు రాయడానికి ఆయన దగ్గర పెన్ను లేకపోతే, సర్వేశ్వరరావే ఇచ్చాడు.